డెల్టా చేలల్లో 18 అంగుళాల గ్యాస్ పైపులైను: నేలా నీరూ పాడవకుండా టెండర్‌లో ఏం రాయాలి?

లంక_సివిల్

అందరికీ నమస్కారమండి. కోనసీమలో 18 అంగుళాల సహజవాయువు పైపులైను, మొత్తం 24 కిలోమీటర్లు. టెండర్‌లో పర్యావరణ షరతుల భాగం రాయడం నా వంతు. దారిలో 15 కిలోమీటర్లు వరిచేలు, 5 కిలోమీటర్లు కొబ్బరితోటలు, మిగతాది డొంకలు, చేపల చెరువుల గట్లు. 10–15 మీటర్ల వెడల్పున్న పంట కాల్వలు ఆరు, మురుగు కాల్వలు నాలుగు, సుమారు 600 మీటర్ల డ్రిల్లింగ్ అవసరమయ్యే గోదావరి పాయ ఒకటి దాటాలి. ఎండాకాలంలో కూడా మీటరున్నర లోతులో నీళ్లు పడతాయి. పైపు గోడ మందం 9.5 మి.మీ., మీద మూడు పొరల పాలిథిలిన్ పూత.

మా దగ్గరున్న పాత నమూనాలో దీనికి ఒకే వాక్యం ఉంది: "పని ముగిశాక భూమిని యథాస్థితికి తేవలెను." ఈ వాక్యంతో ఏ కాంట్రాక్టరునూ నిలదీయలేం. టేపు పెట్టి కొలవగలిగే షరతులు కావాలి. పైమట్టి ఎంత లోతు తీయాలి, ఎక్కడ పోయాలి? ట్రెంచిలోంచి తోడిన నీళ్లు ఎటు వదలాలి? కాల్వలన్నీ హెచ్‌డీడీతో, అంటే కింది నుంచి అడ్డబోరు వేసి దాటితే పర్యావరణానికి మేలని మా పైవాళ్లు అంటున్నారు. నిజమేనా? హైడ్రోటెస్ట్, అంటే పైపులో నీళ్లు నింపి పీడనంతో చేసే పరీక్ష, దాని నీళ్ల సంగతి అసలు ఎవరూ ఎత్తడం లేదు.

మట్టివాసన

వరిచేను గురించి ముందు ఒక మాట. మామూలు మెట్ట నేలకి రాసిన షరతుల్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే పని జరగదు. ఏళ్ల తరబడి దమ్ము చేసిన చేలో 15–20 సెంటీమీటర్ల కింద ఒక గట్టి పొర ఏర్పడి ఉంటుంది. చేలో నీళ్లు నిలిచేది ఆ పొర వల్లే. ట్రెంచి తవ్వగానే అది తెగిపోతుంది. మీరు పైమట్టి ఎంత జాగ్రత్తగా తీసి మళ్లీ పరిచినా, ఆ పొరను తిరిగి కట్టకపోతే పైపు మీదున్న రెండు మూడు మీటర్ల మేర నీళ్లు ఇంకిపోతూనే ఉంటాయి. రైతు రోజూ తడి పెట్టినా ఆ గీత మేర వరి ఎండిపోయినట్టు కనిపిస్తుంది. ఎరువు తక్కువైందనుకుని యూరియా చల్లుతారు గానీ లోపం అడుగున ఉంటుంది.

అందుకని మట్టిని రెండు కాదు, మూడు కుప్పలుగా విడదీయాలని రాయండి. పైన 15–20 సెంటీమీటర్ల దమ్ము మట్టి ఒక కుప్ప. దాని కింద సుమారు 10–15 సెంటీమీటర్ల గట్టి పొర ఒకటి. ఆ దిగువ తేలే అడుగుమట్టి మూడోది. ప్రతి 200 మీటర్లకి ఒక చిన్న గొయ్యి తీసి పొరల లోతు కొలిచి రాసుకుంటే ప్రొక్లెయిన్ ఆపరేటరుకి అంకె చెప్పగలుగుతారు. "పైమట్టి తీయి" అంటే అతను బకెట్ లోతంతా తీస్తాడు, అది అతని తప్పు కాదు. పైమట్టి కుప్ప ట్రెంచికి ఒక పక్కన, అడుగుమట్టి రెండో పక్కన ఉండాలి. ఒకే పక్క పోయక తప్పకపోతే మధ్యలో కనీసం మీటరు ఖాళీ వదలాలి. కోసిన చేలో అడుగుమట్టిని నేరుగా పోయవద్దు, కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. ఆ గుడ్డ లేకపోతే తిరిగి ఎత్తేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియదు, మోళ్లతో పాటు పైమట్టీ ట్రెంచిలోకి పోతుంది.

మూడు కుప్పలు చేయమనడానికి ఇంకో కారణం ఉప్పు. డెల్టా దిగువన మీటరు కిందికి వెళ్తే చాలాచోట్ల ఉప్పుమట్టి తగులుతుంది. పైమట్టిలోనూ, మీటరు, మీటరున్నర లోతుల్లోనూ విద్యుత్ వాహకత కొలిపించండి. సంతృప్త సారంలో (మట్టిని నీళ్లతో పూర్తిగా తడిపి తీసిన ద్రవంలో) మీటరుకి 4 డెసిసీమెన్స్ దాటితే అది చౌడు కిందే లెక్క. వరికి 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అలాంటి అడుగుమట్టి ఒక్క బకెట్ కూడా పైకి రాకూడదు.

పూడ్చేటప్పుడు వచ్చే మిగులు మట్టి లెక్క కూడా టెండర్‌లోనే తేల్చండి. 457 మి.మీ. పైపు మీటరుకి 0.164 క్యూబిక్ మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే కిలోమీటరుకి 164 క్యూబిక్ మీటర్ల మట్టి మిగిలిపోతుంది. పైపు తేలకుండా కాంక్రీటు పూత వేసిన చోట అది ఇంకా పెరుగుతుంది. దాన్ని చేలోనే సర్దేస్తే 12 మీటర్ల వెడల్పులో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. మెట్టలో అది లెక్కలోకి రాదు. వరిచేలో మాత్రం ఆ రెండు సెంటీమీటర్ల వల్లే ఒక పక్క నీళ్లు నిలుస్తాయి, ఇంకో పక్క ఆరిపోతుంది. కాబట్టి మిగిలిన అడుగుమట్టిని ఏ డొంకకి, ఏ గట్టుకి తోలాలో పంచాయతీతో ముందే రాయించుకోండి.

పూడ్చడం 20–25 సెంటీమీటర్ల పొరల్లో, ప్లేట్ కాంపాక్టర్‌తో జరగాలి. బురదలాగా ఉన్న మట్టిని అలాగే తోసేస్తే ఒక వానాకాలం గడిచేసరికి 20–30 సెంటీమీటర్లు కుంగుతుంది. మెట్టలో ఈ కుంగుడు కోసం పైన దిబ్బలా వదులుతారు. వరిచేలో ఆ దిబ్బ నీటికి అడ్డం కాబట్టి ఇక్కడ దిబ్బ ఒప్పుకోకండి, కుదింపే సరిగ్గా చేయించండి. తర్వాత గట్టి పొర మట్టిని 10–15 సెంటీమీటర్లు పరిచి కుదించాలి. ఆపైన పైమట్టి. దమ్ము మామూలు కన్నా రెండు చాళ్లు ఎక్కువ పట్టించాలి.

సరిగ్గా జరిగిందో లేదో చూడటం తేలిక. అడుగూ మూతా కోసేసిన డ్రమ్ములు రెండు తీసుకుని ఒకటి ట్రెంచి మీద, ఇంకోటి 10 మీటర్ల అవతల నేలలోకి దించి నీళ్లు పోయండి. 24 గంటల్లో రెండింటిలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. ట్రెంచి మీద ఇంకుడు పక్కదాని కన్నా రోజుకి 5 మి.మీ. మించి ఎక్కువుంటే ఆ ముక్క మళ్లీ చేయాలని షరతు పెట్టండి. ఆ 5 అనే అంకె నా అభిప్రాయం, మీ నేలను బట్టి సర్దుకోవచ్చు. అంకె అనేది ఒకటి ఉండటమే ఇక్కడ అవసరం.

కాల్వ_లస్కరు

పైన చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. ట్రెంచి పొడవునా ఇసుక పరచడం చాలామందికి అలవాటు. పైపు పూత గీసుకుపోకుండా చుట్టూ 15 సెంటీమీటర్ల మెత్తటి పరుపు కావాలి, అది నిజమే. అయితే డెల్టాలో ఇసుక పరుపు వేస్తే 24 కిలోమీటర్ల పొడవున భూమిలో ఒక మురుగు కాల్వ తవ్వినట్టే అవుతుంది. నీళ్లు పైపు వెంట పాకి ఎత్తు చేలను ఎండగట్టి పల్లపు చేలల్లో ఊబి చేస్తాయి. చేపల చెరువు గట్టు పక్కనైతే చెరువు నీళ్లే ట్రెంచిలోకి దిగిపోతాయి. జల్లెడ పట్టిన అడుగుమట్టి చాలు, గోదావరి ఇసుక తేనక్కర్లేదు. ఇసుక వాడక తప్పని చోట అడ్డుకట్టలు పెట్టండి. బంకమట్టితో గానీ, మట్టి నింపిన గోనెలతో గానీ పైపు చుట్టూ ట్రెంచి నిండా కట్టి, రెండు గోడల్లోకీ 30 సెంటీమీటర్లు చొప్పించాలి. ప్రతి కాల్వకీ రెండు గట్ల దగ్గరా, ప్రతి చెరువు గట్టుకీ రెండు వైపులా, చేను మట్టం మారే ప్రతి చోటా ఒక అడ్డుకట్ట ఉండాలి.

ఇక కాల్వలన్నీ హెచ్‌డీడీతో దాటాలన్న మాట. నేను ఒప్పుకోను. పంట కాల్వల్ని సాధారణంగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు. ఆరేడు వారాలు కాల్వ అడుగు బయటపడి ఉంటుంది. ఆ సమయంలో 12 మీటర్ల కాల్వని తవ్వి, పైపు దించి, పూడ్చడం నాలుగైదు రోజుల పని. చేప లేదు, పారే నీళ్లు లేవు. జరిగే నష్టం మట్టిపని వరకే.

నిజమైన ప్రమాదం గట్టు దగ్గర ఉంది. కోసిన గట్టుని సరిగ్గా కుదించకపోతే జూన్‌లో నీళ్లు వదిలిన వారానికి గండి పడుతుంది. పాత గట్టుని నిలువుగా కోయకుండా మెట్లు మెట్లుగా కోయాలి, అప్పుడే కొత్త మట్టి పాతదాన్ని పట్టుకుంటుంది. 15–20 సెంటీమీటర్ల పొరలు, ప్రతి పొరకీ తేమ చూడటం, ప్రాక్టర్ సాంద్రతలో (ల్యాబులో అదే మట్టిని కుదించి తేల్చిన గరిష్ఠ సాంద్రతలో) 98 శాతం. గట్టు మధ్యలో బంకమట్టి. నీటిపారుదల శాఖ ఇంజినీరు పొరపొరకీ సంతకం పెట్టాలి. మురుగు కాల్వలు మాత్రం వేసవిలోనూ ఎండవు, వాటికి అడ్డబోరే నయం.

అడ్డబోరు

లస్కరు గారి మాటకి నా మద్దతు. హెచ్‌డీడీయే నా పని, అయినా ఇదే అంటాను. లెక్క వేసి చూడండి. స్టీలు పైపు వంపు వ్యాసార్ధం అంగుళానికి వంద అడుగులు అనేది వాడుకలో ఉన్న సూత్రం. 18 అంగుళాలకి 1,800 అడుగులు, అంటే దాదాపు 550 మీటర్లు. 8 డిగ్రీల కోణంలో దిగి 6 మీటర్ల లోతుకి చేరడానికే 80 మీటర్లు పోతుంది, పైకి రావడానికి ఇంకో 80. 12 మీటర్ల కాల్వ కోసం 175 మీటర్ల బోరు. రిగ్గు నిలపడానికి కనీసం 30 × 45 మీటర్ల చోటు. అవతల 175 మీటర్ల వెల్డింగ్ చేసిన పైపు పరుచుకోవడానికి ఇంకో దారి. ఆరు కాల్వలకీ ఇలా చేస్తే తొక్కే పొలం తగ్గదు, పెరుగుతుంది.

గోదావరి పాయకి మాత్రం ఇది తప్పదు. 18 అంగుళాల పైపుకి బోరు ఒకటిన్నర రెట్లు, అంటే 27 అంగుళాలు తీయాలి. 600 మీటర్లలో 222 క్యూబిక్ మీటర్ల మట్టి బయటికి వస్తుంది. దాన్ని తేవడానికి నేలను బట్టి రెండు మూడింతల బెంటొనైట్ (నీళ్లలో ఉబ్బే బంకమట్టి పొడి) ద్రవం కావాలి. మూడింతలనుకుంటే 666 క్యూబిక్ మీటర్లు, క్యూబిక్ మీటరుకి 40 కిలోల చొప్పున 27 టన్నుల బెంటొనైట్. ద్రవంలోంచి మట్టినీ ఇసుకనీ వేరుచేసే షేల్ షేకరూ డీశాండరూ ఉన్న రీసైక్లింగ్ యూనిట్ తెస్తే ద్రవాన్నే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. నీళ్లూ పొడీ తగ్గుతాయి, ఆఖరున పారబోయాల్సిందీ తగ్గుతుంది. ఆ యూనిట్ ఉండి తీరాలని రాయండి. రాయకపోతే పొలంలో ఒక గొయ్యి తవ్వి అందులో పోస్తారు, ఆనక పూడ్చేస్తారు. బెంటొనైట్ విషం కాదనే మాట నిజమే. కానీ చేలో పడితే నేలని మూసేస్తుంది, నీళ్లలో పడితే చేప మొప్పలకి పట్టేస్తుంది, ఏటి అడుగున బతికే చిన్న జీవాల్ని కప్పేస్తుంది. పొడితో పాటు పాలిమర్, సోడాయాష్ లాంటివి కలుపుతారు కాబట్టి వాటి భద్రతా పత్రాలు కూడా ముందే అడగండి.

ఎక్కువ భయపడాల్సింది ద్రవం దారి తప్పి పైకి ఉబికి రావడం గురించి. అది ఎక్కువగా రెండు చివర్ల దగ్గర, పైన మట్టి మందం తక్కువున్న చోట జరుగుతుంది. చాలాసార్లు కారణం ఒకటే. డ్రిల్లర్ తొందరపడి ముందుకి పోతాడు, తవ్విన మట్టి బోరులో పేరుకుంటుంది, ద్రవం వెనక్కి రాలేక పీడనం పెరిగి నేలను చీలుస్తుంది. అందుకని డ్రిల్ తల వెనక పీడనం కొలిచే పరికరం ఉండాలి. మట్టి పరీక్షల నుంచి లెక్కకట్టిన గరిష్ఠ పీడనం ప్రతి 10 మీటర్లకీ పట్టికగా డ్రిల్లర్ ముందుండాలి. తిరిగి వచ్చే ద్రవం తగ్గినట్టు కనిపిస్తే ముందు పంపు ఆపాలి, ఆలోచన తర్వాత. సైటులో మట్టి బస్తాలు, బురద పంపు, వాక్యూమ్ ట్యాంకరు, సిల్ట్ కంచె మొదటి రోజు నుంచే ఉండాలి. ఏటి మీద పడవలో ఒక మనిషి, ఒడ్డున ఒక మనిషి పగలంతా చూస్తుండాలి.

మట్టి పరీక్ష బోర్లని సరిగ్గా పైపు గీత మీద వేయకండి, 10–15 మీటర్లు పక్కకి జరపండి. పని కాగానే సిమెంటు-బెంటొనైట్‌తో మూసేయాలి. మూయని పరీక్ష బోరే ద్రవం పైకి రావడానికి తయారుగా ఉన్న దారి. అలాగే ఏటిగట్టు. బోరు మొదలూ చివరా గట్టు పాదం నుంచి బాగా వెనక్కి ఉండాలి. పైపు లాగాక గట్టు కింద పైపుకీ నేలకీ మధ్య మిగిలిన సందుని గ్రౌట్‌తో (సిమెంటు ద్రవంతో) నింపాలి. లేకపోతే వరద రోజుల్లో నీళ్లు ఆ సందులో ఊరి గట్టుని తొలిచేస్తాయి. ఏటి కింద పని మే నెలాఖరుకి ముగియాలి, వరద మీద పెట్టుకోకూడదు.

లంక_సివిల్

చాలా సాయం చేశారండి. రెండు సందేహాలు మిగిలాయి. ఏప్రిల్ నుంచి జూన్ లోపే పనంతా అంటే 24 కిలోమీటర్లు సాధ్యమా? కాల్వలు కట్టేశాక హైడ్రోటెస్ట్‌కి నీళ్లు ఎక్కడివి? ఊళ్లో బోర్లు వాడుకోవచ్చని ఒక సలహా వచ్చింది.

పిగ్_లాంచర్

బోర్లు వద్దు. ఉప్పునీళ్లు స్టీలు పైపులో నిలిస్తే లోపలి నుంచి గుంటలు పడతాయి. పైగా వేసవిలో తాగునీటి బోర్ల మీద అంత లాగితే కింద నుంచి ఉప్పు పైకి వస్తుంది.

ముందు పరిమాణం. లోపలి వ్యాసం సుమారు 44 సెంటీమీటర్లు, కిలోమీటరుకి 152 క్యూబిక్ మీటర్లు. మొత్తం లైను ఒకేసారి నింపితే 3,650 పడుతుంది. 12 కిలోమీటర్ల చొప్పున రెండు ముక్కలు చేస్తే 1,825తో సరిపోతుంది. మొదటి ముక్కలో పరీక్ష అయిన నీళ్లనే రెండో ముక్కలోకి తోస్తారు. సగం నీళ్లు మిగిలినట్టే.

ఆ 1,825 కోసం మార్చిలో, కాల్వలు పారుతుండగానే, మంచినీటి చేపల చెరువు ఒకటి అద్దెకి తీసుకుని నింపండి. రొయ్యల చెరువు వద్దు, అడుగున ఉప్పు ఉంటుంది. అరెకరం చెరువులో మీటరున్నర నింపితే 3,000 క్యూబిక్ మీటర్లు. ఎండకి రోజుకి ఆరేడు మి.మీ. ఆవిరైనా రెండు నెలల తర్వాత 2,100 దాకా మిగులుతుంది. ఇంకుడు ఎంతుందో ఒక వారం గట్టున స్కేలు పాతి చూసుకోండి. తోడే మూతికి సన్నటి జాలీ కట్టండి, చేపపిల్లలు రాకుండా. ఆ వెనక ఫిల్టరు.

రసాయనాల విషయంలో గట్టిగా ఉండండి. నీళ్లు నింపాక నెలల తరబడి పైపులోనే వదిలేస్తే బ్యాక్టీరియా చంపడానికి గ్లూటరాల్డిహైడ్, ఆక్సిజన్ తీయడానికి సోడియం సల్ఫైట్ కలపాల్సి వస్తుంది. అసలు మందు ఏమిటంటే నీళ్లని అంతకాలం ఉంచకపోవడం. నింపడం, ఉష్ణోగ్రత నిలకడకి రావడం, 24 గంటల పీడనం, ఖాళీ చేయడం అన్నీ కలిపి ముక్కకి రెండు వారాల్లో ముగిస్తే శుభ్రమైన మంచినీళ్లకి ఏమీ కలపనక్కర్లేదు. "రసాయనం కలపాలంటే ముందుగా లిఖిత అనుమతి తీసుకోవాలి" అని రాయండి.

వదిలేటప్పుడు నీళ్లు ఎర్రగా వస్తాయి. అది తుప్పు, వెల్డింగ్ చెత్త. నీళ్లు నింపే ముందే బ్రష్ పిగ్‌ని (పైపు లోపల నడిచి శుభ్రం చేసే సాధనాన్ని) గాలితో నడిపి చెత్త తీసేస్తే ఇది చాలా తగ్గుతుంది. ఆ నీళ్లని తిరిగి అదే చెరువులోకి పంపి రెండు రోజులు తేర్చండి. ఉపరితల జలాల్లోకి వదలాలంటే పీహెచ్ 5.5 నుంచి 9, తేలాడే ఘనపదార్థం లీటరుకి 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 10 మించకూడదన్నది దేశంలో అమల్లో ఉన్న సాధారణ ప్రమాణం. పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే మురుగు కాల్వలోకి వదలండి, పంట బోదెలోకి కాదు. వేగం కూడా చూసుకోవాలి. గంటకి 100 క్యూబిక్ మీటర్లంటే దాదాపు ఒక క్యూసెక్కు. అంతకన్నా ఎక్కువ వదిలితే చిన్న మురుగు కాల్వ గట్టు కోసుకుపోతుంది. నీళ్లు పడే చోట రాళ్లో గడ్డిమోపులో పరచండి.

ట్రెంచి నీళ్లకీ ఇలాంటి షరతే. తోడే ముందు చేతి మీటరుతో వాహకత చూడాలి. మీటరుకి 0.7 డెసిసీమెన్స్ లోపు ఉంటే సేద్యానికి ఇబ్బంది లేదు. 3 దాటితే చేలోకి ఒక్క చుక్క వదలొద్దు, ఫిల్టర్ సంచి గుండా మురుగు కాల్వకే. మధ్యలో ఉంటే ఆ చేలో ఏ పంట ఉందో చూసి తేల్చుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. మీ పైపు తేలుతుంది. 9.5 మి.మీ. గోడతో మీటరు బరువు 105 కిలోలు, అది తోసే నీరు 164 కిలోలు. ట్రెంచిలో నీళ్లూరితే ఖాళీ పైపు పైకి లేస్తుంది. మట్టి బురదగా ఉంటే పూడ్చిన తర్వాత కూడా లేస్తుంది. మీటరు లోతున వేశామనుకున్న పైపు ఏడాదికి ముప్పావు మీటరు లోతులో తేలితే దాన్ని మళ్లీ దించాలి, అంటే అదే చేను రెండోసారి తవ్వాలి. 50 మి.మీ. కాంక్రీటు పూత వేస్తే మీటరుకి సుమారు 190 కిలోలు కలుస్తుంది. మొత్తం 295, తోసే నీరు 244, అప్పుడు అడుగునే ఉంటుంది. నీటిమట్టం పైకి వచ్చే చేలన్నిటికీ ఇది కావాలి. కాంక్రీటు పూత ఉన్న చోట మిగులు మట్టి లెక్క కిలోమీటరుకి 164 కాదు, 244 అని గుర్తుంచుకోండి.

పనికాలం గురించి: కొబ్బరితోటలు, డొంకలు, మురుగు కాల్వలు, ఏరు డిసెంబరు నుంచి మార్చి దాకా, దాళ్వా (రబీ వరి) చేలో ఉండగానే చేసుకోవచ్చు. వరిచేలు, పంట కాల్వలు మాత్రం ఏప్రిల్ మధ్య నుంచి. రోజుకి 250–300 మీటర్ల చొప్పున రెండు బృందాలు నడిస్తే 15 కిలోమీటర్లు నెలలో అవుతుంది. పొలంలో ఒక్కో బృందం తెరిచి ఉంచే ట్రెంచి ఎప్పుడూ ఒక కిలోమీటరు మించకూడదని పెట్టండి. తెరిచి వదిలేస్తే గోడలు కూలతాయి, పశువులు పడతాయి, ఒక్క వేసవి వానకే అడుగంతా బురద. పశువులు దాటడానికి మధ్యమధ్య తవ్వకుండా మట్టి వంతెనలు వదలాలి, ట్రెంచి చివర్లు ఏటవాలుగా ఉండాలి.

ఆర్‌ఓయూ_ఫైలు

చట్టం వైపు నుంచి చిన్న సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో చమురు, గ్యాస్ పైపులైన్లకి ముందస్తు అనుమతి కావాల్సింది జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్లినప్పుడే. కోరింగ వైపు మడ అడవుల్లోకి వెళ్తే అభయారణ్యం, తీర నియంత్రణ మండలి నిబంధనలు రెండూ వర్తిస్తాయి. మీ దారి పొలాల్లోనే ఉంటే ఆ అనుమతి అక్కర్లేదు, దాంతో వచ్చే షరతులూ ఉండవు. అంటే మీరు టెండర్‌లో రాసిందే ఆ చేలకి ఉన్న రక్షణ. అందుకే బాగా రాయండి.

1962 పైపులైన్ల చట్టం కింద భూమి రైతుదే, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. జరిగిన నష్టానికి పరిహారం కాక, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలి. అలా హక్కు తీసుకున్న పట్టీలో ఇల్లు, చెరువు, బావి, చెట్టు ఉండకూడదు. వరి వేసుకోవచ్చు. పని మొదలవక ముందే ప్రతి కమతానికీ ఫోటో, మట్టి పరీక్ష, గట్ల కొలత తీయించండి. పని ముందరి స్థితి కాగితం మీద లేకపోతే తర్వాత ఏ నష్టాన్నీ రుజువు చేయలేరు.

మట్టివాసన

కొబ్బరి సంగతి ఎవరూ విప్పలేదు. ఏడున్నర మీటర్ల ఎడంలో ఎకరానికి 70 చెట్లు పైచిలుకు ఉంటాయి. తోటలో 20 మీటర్ల వెడల్పు కొట్టేస్తే కిలోమీటరుకి 350 చెట్లు, 12 మీటర్లైతే 210. మీ 5 కిలోమీటర్లలో తేడా 700 చెట్లు. పైన చెప్పిన నిబంధన వల్ల కొట్టిన చోట మళ్లీ కొబ్బరి వేయడం కుదరదు కాబట్టి ఆ నష్టం శాశ్వతం. తోటల్లో పని వెడల్పు 12 మీటర్లని గట్టిగా రాయండి. అంత ఇరుకులో పొడవాటి వరసలు వెల్డ్ చేసి దించడం కుదరదు, ఒక్కో పైపూ ట్రెంచి దగ్గరే అతుకుతూ వెళ్లాలి. పని నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. ఆ రేటు టెండర్‌లో వేరే పద్దుగా చూపండి, లేకపోతే కాంట్రాక్టరు రాత్రికి రాత్రి అదనపు వరస కొట్టి పడేస్తాడు. కొబ్బరి వేళ్లు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్లలో ఉంటాయి, ట్రెంచి అంచు అంతకన్నా దూరం ఉండాలి. ఖాళీ అయిన పట్టీలో కంద, పసుపు, పశుగ్రాసం లాంటివి వేసుకోవచ్చు.

బండ్లు తిరిగిన దారి విషయంలో వరికీ తోటకీ వైద్యం వేరు. తోటలో టైర్ల కింద బిగిసిన నేలని 30–40 సెంటీమీటర్లు రిప్పర్‌తో చీల్చాలి. వరిచేలో అలా చీలిస్తే మిగిలిన గట్టి పొర కూడా పోతుంది. అక్కడ మామూలు దుక్కి చాలు. ఆ మీద జీలుగ చల్లి 45 రోజులకి కలియదున్నండి, కొద్దిపాటి ఉప్పుని కూడా అది తట్టుకుంటుంది. కాల్వ నీళ్లు ఆలస్యమైతే జీలుగకి టైము దొరుకుతుంది, లేకపోతే పశువుల ఎరువుతో సరిపెట్టుకోవాలి.

వేరే జిల్లాల నుంచి వచ్చే ప్రొక్లెయిన్లు, ట్రెయిలర్లు పొలంలోకి దిగే ముందు చెయిన్లు, టైర్లు కడగాలని కూడా పెట్టండి. వయ్యారిభామ విత్తనం ఆ మట్టిలోనే వస్తుంది. ఒకసారి గట్ల మీద మొలిస్తే పీకడానికి ఏళ్లు పడుతుంది.

పిగ్_లాంచర్

కడగడం మంచి మాట. ఆ కడిగిన నీళ్లు బోదెలోకి పోకుండా ఒక గుంట చూపించండి.

పూత గురించి ఒక్క షరతు. దించే ముందు ప్రతి మీటరూ హాలిడే డిటెక్టర్‌తో (పూతలో లోపాల్ని విద్యుత్‌తో పట్టే పరికరంతో) చూడాలి, దొరికిన ప్రతి గీతనీ అక్కడే సరిచేయాలి. కీళ్ల దగ్గర ఇసుక బ్లాస్టింగ్ చేసేటప్పుడు కింద టార్పాలిన్ పరిచి ఆ చెత్త ఎత్తేయాలి. పైపు జీవితకాలంలో నేలకి జరిగే అతి పెద్ద హాని లీకే. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. నీరు కలిసిన గ్యాసు పైపుని లోపలి నుంచి తినేయడమే అక్కడి కారణం. కాబట్టి హైడ్రోటెస్ట్ తర్వాత నీళ్లు తోసేసి వదిలేయకూడదు. ఫోమ్ పిగ్‌లు పొడిగా వచ్చేదాకా నడపాలి, పొడి గాలితో ఆరబెట్టి తేమ కొలవాలి, ఆపై నైట్రోజన్ నింపాలి. గ్యాసు ఎక్కించేటప్పుడు కూడా నైట్రోజన్ వెనకే పంపితే ఊరికే గాల్లోకి వదిలే మీథేన్ తగ్గుతుంది.

లంక_సివిల్

అన్నీ రాసుకున్నానండి. ఆఖరి ప్రశ్న. ఇవన్నీ షరతులుగా పెడితే కాంట్రాక్టరు ఒప్పుకుంటాడు, మే నెలలో సమయం లేదని వదిలేస్తాడు. డబ్బుని వీటికి ఎలా ముడిపెట్టాలి?

కాల్వ_లస్కరు

"పర్యావరణ ఖర్చులు రేట్లలో కలిసి ఉన్నవి" అనే వాక్యాన్ని ముందు తీసేయండి. అది ఉన్నంతకాలం పైమట్టి విడదీసినా విడదీయకపోయినా అదే డబ్బు వస్తుంది. పైమట్టి, గట్టి పొర విడదీసి తిరిగి పరచడం కిలోమీటరు లెక్కన, అడ్డుకట్టలు సంఖ్య లెక్కన, కాల్వ గట్లు ఒక్కో దాటు లెక్కన, బెంటొనైట్ తరలింపు ట్యాంకరు లెక్కన, ఇలా ప్రతిదానికీ వేరే పద్దు పెట్టండి. చేసినదానికే కొలిచి చెల్లించండి.

నేల పునరుద్ధరణ పద్దులో 60 శాతం పూడ్చి డ్రమ్ము పరీక్ష నెగ్గాక ఇవ్వండి. 40 శాతం సార్వా (ఖరీఫ్ వరి) కోత దాకా ఆపండి. కోతప్పుడు ట్రెంచి మీద ఒకటి, అదే చేలో 20 మీటర్ల అవతల ఒకటి, 5 × 5 మీటర్ల చదరాలు కోసి తూచాలి. పంట కోత ప్రయోగాలకి వ్యవసాయ శాఖ వాడే కొలతే కాబట్టి రైతులు నమ్ముతారు. తేడా పది శాతం దాటిన చేలకి ఆ డబ్బు ఆగిపోతుంది. వచ్చే వేసవిలో కాంట్రాక్టరు తిరిగి వచ్చి మట్టం సరిచేసి, దాళ్వానో తర్వాతి సార్వానో చూపించి తీసుకోవాలి. చిన్న కుంగుడు సరిచేయడానికి కిలోమీటరుకి 20–30 క్యూబిక్ మీటర్ల పైమట్టి కూడా విడిగా నిల్వ పెట్టించండి. రెండో ఏడు ఎక్కడ వెతికినా ఆ మట్టి దొరకదు.